వందకు పైగా జబ్బులకు ఒకే మూత్ర పరీక్ష: మా బాబుకు చేయించమంటారా?

ప్రశ్న: మా బాబుకి రెండున్నర నెలలు. నెలలు నిండాకే పుట్టాడు. తల్లిపాలే తాగుతున్నాడు, బరువు బాగానే పెరుగుతున్నాడు. పుట్టిన మూడో రోజు మడమ దగ్గర గుచ్చి రక్తపు చుక్కలు తీసుకున్నారు, అన్నీ నార్మల్ అని కాగితం ఇచ్చారు. ఈమధ్య ఒక ల్యాబ్ వాళ్లు, బాబు మూత్రాన్ని ఫిల్టర్ పేపర్ మీద ఆరబెట్టి పంపిస్తే వందకు పైగా మెటబాలిక్ జబ్బులు ఉన్నదీ లేనిదీ తేల్చి చెబుతామంటున్నారు. సూది గుచ్చే పనే లేదు కదా, నష్టమేముంది అని మావారు అంటున్నారు. నాకూ చేయిస్తే మనసు కుదుటపడుతుందేమో అనిపిస్తోంది. ఎందుకంటే పొద్దున్నే డైపర్ విప్పితే ముక్కు పగిలేలా అమ్మోనియా వాసన వస్తోంది. ఒకట్రెండుసార్లు గులాబీ రంగు మరక కూడా కనిపించింది. చేయించమంటారా? (మా అక్క కొడుకు నాలుగేళ్ల కిందట ఐదో రోజునే పోయాడు. పుట్టినప్పుడు బాగానే ఉన్నాడు, మూడో రోజు నుంచి పాలు తాగడం మానేసి మత్తుగా పడుకున్నాడు, ఎగశ్వాస వచ్చింది. ఇన్‌ఫెక్షన్ అన్నారు గానీ ఏ క్రిమీ దొరకలేదట. మా అమ్మ తమ్ముడొకడు కూడా అలాగే పసికందుగా ఉండగానే పోయాడని అమ్మ అంటుంది. వాటికీ దీనికీ సంబంధం ఉండకపోవచ్చనుకోండి.)
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతిని చివర్లో, బ్రాకెట్ల మధ్య పెట్టి, సంబంధం ఉండకపోవచ్చని మీరే కొట్టేశారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. ల్యాబ్ ప్యాకేజీ సంగతి తర్వాత చూద్దాం.

పుట్టిన బిడ్డ ఒకటి రెండు రోజులు బాగుండి, పాలు తాగడం మొదలయ్యాక డీలా పడి, మత్తులోకి జారి, ఎగశ్వాస తీసుకుంటూ వారం తిరక్కుండా పోతే, చాలాచోట్ల ముందుగా రాసే మాట ఇన్‌ఫెక్షన్ అనే. అది తప్పని కూడా అనలేం, పసిపిల్లల్లో రక్తంలోకి క్రిములు చేరినప్పుడూ అచ్చం ఇలాగే ఉంటుంది. కానీ రక్తంలోని క్రిములను పెంచి చూసే కల్చర్ పరీక్షలో ఏ క్రిమీ దొరకనప్పుడు, ఇంకో వైపు చూసి తీరాలి: జీవక్రియలో పుట్టుకతో వచ్చిన లోపం, అంటే మెటబాలిక్ జబ్బు. పైగా మీరు చెప్పిన ఇద్దరూ మగపిల్లలు. ఇద్దరూ మీ అమ్మ వైపు వాళ్లు. ఒకరు ఆమె తమ్ముడు, ఇంకొకరు ఆమె కూతురి కొడుకు. ఆడవాళ్ల ద్వారా నడిచి మగపిల్లల్ని దెబ్బతీసే జబ్బులు ఇలాగే కనిపిస్తాయి. ఆ తరహా జబ్బుల్లో ఈ వయసులో, ఈ లక్షణాలతో నాకు వెంటనే తట్టేది ఓటీసీ అనే ఎంజైమ్ లోపం.

ఇది రోగనిర్ధారణ కాదు. ఒక ఉత్తరం చదివి అలా చెప్పడానికి ఎవరికీ హక్కు లేదు. మీ మావయ్య వేరే కారణంతో పోయి ఉండొచ్చు, మీ అక్క బిడ్డకు నిజంగానే ఇన్‌ఫెక్షనే అయ్యుండొచ్చు. అయినా ఈ అనుమానాన్ని తేల్చుకోకుండా వదిలేయడానికి వీల్లేదు.

మనం తిన్న ప్రొటీన్ ఒంట్లో అరిగి వాడుకయ్యాక మిగిలే నత్రజని అమ్మోనియాగా మారుతుంది. అది మెదడుకు విషం. అందుకే కాలేయం దాన్ని ఎప్పటికప్పుడు యూరియాగా మార్చి మూత్రంలోకి పంపుతుంది. ఆ పనికి వరసగా కొన్ని ఎంజైములు కావాలి, ఆ వరసనే యూరియా సైకిల్ అంటారు. వాటిలో ఒకటి ఆర్నిథిన్ ట్రాన్స్‌కార్బమైలేజ్, పొట్టిగా ఓటీసీ. దాని జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడవాళ్లకు ఎక్స్‌లు రెండు కాబట్టి ఒకటి చెడినా రెండోది చాలావరకు పని నడిపిస్తుంది. మగపిల్లాడికి ఉన్నది ఒక్కటే, అది చెడిందంటే ఇక ఆసరా లేదు. కడుపులో ఉన్నన్నాళ్లూ తల్లి ఒళ్లే ఆ పని చేసిపెడుతుంది, అందుకే బిడ్డ పుట్టినప్పుడు నిక్షేపంగా ఉంటాడు. తర్వాత రక్తంలో అమ్మోనియా పేరుకుంటుంది. అది మెదడులో ఊపిరిని నడిపే చోటును రెచ్చగొడుతుంది, ఎగశ్వాస అందుకే. మీరు ఆ ఒక్క మాట రాయకపోయి ఉంటే నాకు ఇంత బలంగా అనుమానం వచ్చేది కాదు.

లెక్క వేసి చూద్దాం. మీ అమ్మగారి నుంచి మీ అక్కకు ఆ మార్పు వచ్చిందనే అనుకుంటే, మీకూ వచ్చి ఉండే అవకాశం సగం. మీకు ఉంటే, మీ మగబిడ్డకు వచ్చే అవకాశం మళ్లీ సగం. అంటే ఏ వివరమూ తెలియక ముందు మీ బాబుకు నాలుగింట ఒక వంతు. కానీ వివరం ఒకటి మనకు తెలుసు, మీ వాడు రెండున్నర నెలలుగా హాయిగా పాలు తాగి బరువు పెరుగుతున్నాడు. ఒకే ఇంట్లో మగపిల్లలకు ఈ జబ్బు వస్తే సాధారణంగా ఒకే తీవ్రతతో వస్తుంది. మీ అక్క కొడుకును ఐదు రోజుల్లో తీసుకుపోయినంత తీవ్రమైన రకం మీ వాడికి ఉండి ఉంటే ఈపాటికి బయటపడేది. అందుకని భయపడాల్సిన అవకాశం బాగా తగ్గిపోయింది. పూర్తిగా పోలేదు. ఎంజైమ్ కొంత పనిచేసే రకాలు ఉన్నాయి, అవి జ్వరం వచ్చినప్పుడో, పస్తు పడినప్పుడో, తల్లిపాల నుంచి ప్రొటీన్ ఎక్కువుండే తిండికి మారినప్పుడో, ఒక్కోసారి పెద్దయ్యాకో బయటపడతాయి. తల్లిపాలల్లో ప్రొటీన్ చాలా తక్కువ, వంద మిల్లీలీటర్లకు సుమారు ఒక గ్రాము. కాబట్టి బాబుకు వేరే ఆహారం మొదలుపెట్టేలోపు ఈ విషయం తేల్చుకోవడం మంచిది. ఇంకా మూడు నెలల పైనే సమయం ఉంది, కానీ ఈ వారమే కదలండి. ఇదంతా చదివి కంగారుపడి పాలు తగ్గించడం, మాన్పించడం మాత్రం చేయొద్దు.

మరి మడమ రక్తం పరీక్ష నార్మల్ అన్నారు కదా అని మీరు అడుగుతారు. ఆ కాగితంలో నార్మల్ అన్నది అందులో వెతికిన జబ్బుల వరకే. ఆ జాబితా ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, అడిగి తీసుకోండి. ఓటీసీ లోపం చాలా జాబితాల్లో ఉండదు. కారణం నిర్లక్ష్యం కాదు, ఎండిన రక్తపు చుక్కలో దానికి దొరికే గుర్తు సిట్రులిన్ అనే అమైనో ఆమ్లం తగ్గడం. పసిపిల్లల్లో సిట్రులిన్ మామూలుగానే తక్కువ, ఇంకా తగ్గిందని నమ్మకంగా చెప్పడం కష్టం. ఎక్కువున్నదాన్ని పట్టుకోవడం తేలిక, తక్కువున్నదాన్ని పట్టుకోవడమే తంటా.

ఇక్కడే మూత్రానికి నిజంగా పని ఉంది. ఓటీసీ దగ్గర దారి మూసుకుపోతే, అక్కడ ఖర్చు కావలసిన సరుకు పక్కదారి పట్టి ఒరోటిక్ ఆమ్లంగా మారి మూత్రంలో పడుతుంది. అందుచేత మీ బాబుకు మూత్ర పరీక్ష కావాలి. కాకపోతే అది ఈ ఒక్క పదార్థాన్ని కొలిచి అంకె చెప్పే పరీక్ష. దాంతోపాటు రక్తంలో అమ్మోనియా, రక్తంలో అమైనో ఆమ్లాలు. అప్పుడూ ఒక చిక్కుంది. జబ్బు తేలిక రకమైతే, బిడ్డ కులాసాగా ఉన్న రోజు ఈ మూడూ మామూలుగానే రావొచ్చు. అందుకే చివరి మాట జన్యు పరీక్షది. దాన్ని బాబుతో కాదు, మీ అక్కతో మొదలుపెట్టాలి. ఆమెలో మార్పు దొరికితే, మీలోనూ బాబులోనూ ఆ ఒక్క చోట చూస్తే సరిపోతుంది, అవునో కాదో తేలిపోతుంది. ఎక్కడ చూడాలో తెలియకుండా బాబు జన్యువును గాలిస్తే, ఏమీ దొరకనప్పుడు అది లేనట్టా, దొరకనట్టా అన్న ప్రశ్న మిగిలిపోతుంది. అక్క కొడుకు మడమ నుంచి తీసిన రక్తపు చుక్కల కార్డు ఆ ఆసుపత్రిలోనో ల్యాబ్‌లోనో ఇంకా ఉందేమో కనుక్కోండి. కొన్నిచోట్ల ఏళ్ల తరబడి దాస్తారు. అది దొరికితే ఇంకా మంచిది.

ఇప్పుడు ఆ ప్యాకేజీ. అందులో సాధారణంగా వాడేది జీసీఎంఎస్ యంత్రం. మూత్రంలోని సేంద్రియ ఆమ్లాలను ద్రావకంతో లాగి, ఆవిరి అయ్యేలా రసాయనికంగా మార్చి, సన్నటి పొడవాటి గొట్టంలోంచి పంపుతారు. ఒక్కో పదార్థం ఒక్కో సమయానికి బయటికొస్తుంది, అప్పుడు దాన్ని ముక్కలు చేసి బరువులు చూసి అది ఏమిటో గుర్తుపడతారు. గొప్ప పరీక్షే, ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. కానీ ఒరోటిక్ ఆమ్లం ఆ ద్రావకంలోకి సరిగా రాదు. మీ ఇంటి చరిత్రకు అన్నిటికంటే అవసరమైన పదార్థం, వంద జబ్బుల జాబితా ఉన్న ఆ పరీక్షలో జారిపోయే అవకాశముంది. ల్యాబ్‌కు ఫోన్ చేసి, ఒరోటిక్ ఆమ్లాన్ని విడిగా కొలుస్తారా, మూత్రం ఎంత చిక్కగా ఉందో చెప్పే క్రియాటినిన్‌తో పోల్చి అంకె ఇస్తారా అని అడగండి. జవాబు చెప్పడానికి తడబడితే మీకు కావలసింది అక్కడ లేదన్నమాట.

ఇది మీ ఒక్కరి సంగతి కాదు, మూత్రంతో స్క్రీనింగ్ అనగానే అందరూ తెలుసుకోవలసిన కిటుకు ఒకటుంది. మూత్రపిండాలు అన్నిటినీ సమానంగా బయటికి తోయవు. అమైనో ఆమ్లాలు ఒంటికి పనికొచ్చేవి కాబట్టి వడపోతలో జారినవాటిని దాదాపు మొత్తం వెనక్కి లాక్కుంటాయి. సేంద్రియ ఆమ్లాలను చాలామటుకు వదిలేస్తాయి. అందువల్ల మిథైల్‌మలోనిక్, ప్రొపియోనిక్, ఐసోవలెరిక్ లాంటి ఆమ్లాలు పేరుకునే జబ్బులు రక్తంలో కంటే మూత్రంలో స్పష్టంగా కనిపిస్తాయి. టైరోసినీమియా మొదటి రకానికి గుర్తయిన సక్సినైల్ అసిటోన్, కణాల్లో వ్యర్థం పేరుకునే కొన్ని నిల్వ జబ్బుల్లో వచ్చే గ్లైకోసమినోగ్లైకాన్లు, రాళ్లు తెచ్చిపెట్టే సిస్టీన్ కూడా మూత్రంలో దొరుకుతాయి. అదే అమైనో ఆమ్లాల జబ్బుల్లో చాలావాటికి రక్తమే చూడాలి. కొవ్వును వాడుకోలేని ఎంకాడ్ లాంటి లోపాల్లో బిడ్డ బాగున్న రోజు మూత్రం మామూలుగా ఉండి, పస్తు పడిన రాత్రి మారిపోవచ్చు. చెత్తబుట్ట చూసి ఇంట్లో ఏం జరిగిందో చెప్పొచ్చు గానీ, బుట్టలో పడనిది, ఆ రోజు పడనిది చెప్పలేం.

ఈ పాఠం వైద్యులు కూడా మెల్లగానే నేర్చుకున్నారు. 1934లో నార్వేలో ఒక తల్లి, బుద్ధిమాంద్యం ఉన్న తన ఇద్దరు పిల్లల్ని తీసుకుని డాక్టర్ అస్‌బ్యోర్న్ ఫోలింగ్ దగ్గరికి వెళ్లింది. పిల్లల దగ్గర అదో రకం వాసన వస్తోందని ఆమె పట్టు వదలకుండా చెబుతూ వచ్చింది. కీటోన్లు ఉన్నాయేమో చూద్దామని ఆయన మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే ఊదా రంగో గోధుమ రంగో రావలసింది ముదురు ఆకుపచ్చ వచ్చింది. లీటర్ల కొద్దీ మూత్రాన్ని శుద్ధి చేసి ఆయన పట్టుకున్నది ఫినైల్ పైరువిక్ ఆమ్లం. ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆమ్లాన్ని ఒళ్లు వాడుకోలేని జబ్బు ఫినైల్ కీటోన్యూరియా, అదే పీకేయూ, అలా బయటపడింది. తర్వాత పసిపిల్లల తడి గుడ్డ మీద ఆ మందు చుక్క వేసి పచ్చదనం కోసం చూడడం మొదలైంది. కానీ మూత్రంలో ఆ ఆమ్లం కనబడేసరికి వారాలు గడిచేవి, అప్పటికే మెదడు దెబ్బతినడం మొదలయ్యేది. 1960ల మొదట్లో అమెరికాలో రాబర్ట్ గత్రీ ఆ పరీక్షను మడమ రక్తపు చుక్కకు మార్చింది అందుకే. రక్తంలో ఫినైల్ అలనిన్ తొలి రోజుల్లోనే పెరుగుతుంది. మీ బాబుకు మూడో రోజున గుచ్చిన సూది వెనక ఉన్న కథ ఇదే.

మూత్రాన్ని మాత్రం పూర్తిగా వదిలేయలేదు. కెనడాలోని క్యూబెక్‌లో 1971 నుంచి, బిడ్డకు మూడు వారాలు వచ్చాక తల్లిదండ్రులే ఫిల్టర్ పేపర్ మీద మూత్రం ఆరబెట్టి పోస్టులో పంపే పద్ధతి నడిచింది. కాబట్టి మీకు ల్యాబ్ వాళ్లు చెప్పిన కాగితం పద్ధతి మోసం కాదు, దానికి పాతకాలపు పునాది ఉంది. కాకపోతే అక్కడ అది రక్తపు చుక్కల పరీక్షకు తోడుగా నడిచింది. కాగితం మీద తేడా కనబడితే బిడ్డను పిలిపించి మళ్లీ పరీక్షించి, వైద్యం అందించే ఏర్పాటు వెనక ఉంది. రిపోర్టు ఈమెయిల్‌లో పంపేసి చేతులు దులుపుకునే ప్యాకేజీకి ఆ పేరు అరువివ్వకూడదు.

ఇక మీవారి మాట: నష్టమేముంది? బాబుకు నొప్పి ఉండదన్నది నిజం. నష్టం వచ్చేది రిపోర్టు వచ్చాక. ఆయనకు ఈ సంగతి చెప్పండి. జపాన్‌లో 1980లలో ఆరు నెలల పిల్లలందరి మూత్రాన్నీ పరీక్షించి న్యూరోబ్లాస్టోమా అనే కణితిని ముందే పట్టుకోవాలని దేశమంతటా కార్యక్రమం పెట్టారు. ఇది మెటబాలిక్ జబ్బు కాదు, పరీక్ష మాత్రం ఇలాంటిదే, మూత్రంతో తడిపిన కాగితమే. కణితులు బోలెడు దొరికాయి. మరణాలు తగ్గలేదు. దొరికినవాటిలో చాలా వాటంతటవే కరిగిపోయే రకం. వాటి కోసం పసిపిల్లలకు ఆపరేషన్లు, కీమోథెరపీ జరిగాయి. క్యూబెక్‌లోనూ జర్మనీలోనూ చేసిన అధ్యయనాలు 2002లో ఇదే తేల్చాక జపాన్ ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. సూది లేనంత మాత్రాన పరీక్షకు కోర లేదనుకోకూడదు.

మెటబాలిక్ ప్యాకేజీల్లో నష్టం ఇంత ఘోరంగా ఉండదు. ఎక్కువగా జరిగేది అనవసరమైన గాబరా. మూర్ఛకు వాల్ప్రోయేట్ వాడే బిడ్డ మూత్రంలో వింత ఆమ్లాలు వస్తాయి. తేలిగ్గా అరిగే ఎంసీటీ అనే రకం నూనె కలిపిన డబ్బాపాలు తాగే బిడ్డలో కొవ్వు జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. రాత్రంతా వాంతులై పస్తున్న బిడ్డ మూత్రం నిండా కీటోన్లే. సీసా గంటల తరబడి బయట ఉంటే అందులో పెరిగిన బ్యాక్టీరియా తన సొంత ఆమ్లాలు కలిపేస్తుంది. అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టేది తల్లిలో బీ12 లోపం. తల్లికి తక్కువైతే తల్లిపాలు తాగే బిడ్డకూ తక్కువవుతుంది, బిడ్డ మూత్రంలో మిథైల్‌మలోనిక్ ఆమ్లం పెరుగుతుంది. రిపోర్టులో మాత్రం పెద్ద జన్యు జబ్బు పేరు అచ్చవుతుంది. నిజానికి తల్లికీ బిడ్డకూ బీ12 ఇస్తే సరిపోతుంది, అయితే ఆలస్యం చేయకూడదు, ఆ లోపం కూడా బిడ్డ ఎదుగుదలను దెబ్బతీస్తుంది. మీరు ఎలాగూ డాక్టర్ దగ్గరికి వెళ్తున్నారు కాబట్టి మీ బీ12 కూడా చూపించుకోండి.

అందుకని నా మాట ఇది. ఏ చరిత్రా లేని, బాగా ఎదుగుతున్న బిడ్డకైతే ఆ ప్యాకేజీ వద్దనేదాన్ని, మడమ రక్తం పరీక్ష సరిగ్గా జరిగిందో లేదో చూసుకోమనేదాన్ని. మీ విషయంలోనూ వద్దనే అంటున్నాను, వేరే కారణంతో. ప్యాకేజీ నార్మల్ అని వస్తే మీరు ఊపిరి పీల్చుకుని, అసలు తేల్చవలసినదాన్ని వదిలేస్తారు. నాకు భయం అక్కడే.

వాసన, మరకల మాట చెప్పకపోతే మీకు నిద్ర పట్టదు. పైన అమ్మోనియా గురించి ఇంత చదివాక పొద్దుటి డైపర్ వాసన మిమ్మల్ని ఇంకా హడలెత్తిస్తుంది. రెండింటికీ సంబంధం లేదు. డైపర్‌లో రాత్రంతా నిలవున్న మూత్రంలోని యూరియాను చర్మం మీది, మలంలోని బ్యాక్టీరియా విరగ్గొడితే ఆ ఘాటు పుడుతుంది. అది బాబు ఒంట్లోంచి అమ్మోనియాగా రాలేదు, డైపర్‌లో తయారైంది. ఓటీసీ లోపంలో జరిగేది దీనికి తలకిందులు, అక్కడ యూరియా తయారవడమే తగ్గుతుంది. అలాగని ఘాటు వాసన ఉంది కాబట్టి జబ్బు లేదని తేల్చేయకండి, వాసన ఇటూ సాక్ష్యం కాదు, అటూ కాదు. రాత్రి ఒకసారి మారిస్తే సరి. పట్టించుకోవలసిన వాసనలు వేరే. తడి ఆరకముందే, అప్పుడే పోసిన మూత్రంలోనో చెవి గులిమిలోనో మాడిన చక్కెర వాసన వస్తే మేపుల్ సిరప్ జబ్బును, చెమట పట్టిన పాదాల కంపు వస్తే ఐసోవలెరిక్ జబ్బును అనుమానించాలి. ఆ పిల్లలు సాధారణంగా అప్పటికే నలతగా ఉంటారు.

గులాబీ మరక ఎక్కువగా యూరేట్ స్ఫటికాలది. మూత్రం చిక్కబడినప్పుడు పడుతుంది, పుట్టిన మొదటి రోజుల్లో మరీ మామూలు. ఎండాక గోకితే పొడిలా రాలుతుంది, రక్తమైతే అలా రాలదు. మీ వాడి వయసులో ఎప్పుడో ఒకటి రెండుసార్లయితే పాలు తగినంత తాగుతున్నాడో లేదో చూసుకుంటే చాలు. నారింజ రంగు ఇసుకలాంటిది తరచూ పడుతుంటే, మెడ నిలపడంలో వెనకబడితే డాక్టరుకు చెప్పాలి. యూరిక్ ఆమ్లం మితిమీరి తయారయ్యే అరుదైన జబ్బులున్నాయి. ఒకసారి ఆ డైపర్‌నే పట్టుకెళ్లి చూపించండి, ఫోన్‌లో ఫొటో కంటే మేలు.

డాక్టర్ మూత్రం తెమ్మన్నప్పుడు సరిగ్గా పట్టడం సగం పని. బాబును కడిగి తుడిచి, పౌడర్, క్రీమ్ ఏదీ రాయకుండా పిల్లల యూరిన్ బ్యాగ్ అంటించండి. మూత్రం పడగానే తీసేయండి, మలం కలిస్తే పారేసి మళ్లీ పట్టండి. జెల్ ఉన్న డైపర్‌లోంచి మూత్రం పిండడం కుదరదు, జెల్ మింగేస్తుంది. మందులు కలపని శుభ్రమైన డబ్బాలో అయిదు నుంచి పది మిల్లీలీటర్లు చాలు. వెంటనే ల్యాబ్‌కు ఇవ్వలేకపోతే డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, గడ్డకట్టినట్టే ఐస్‌లో తీసుకెళ్లండి. ఏ టైముకు పట్టారు, ఎప్పుడు పాలు తాగాడు, మీరూ బాబూ వాడే మందులేమిటి అన్నది కాగితం మీద రాసి అంటించండి. ఆ కాగితం లేకుండా వచ్చే డబ్బాలే ఎక్కువ. రిపోర్టు రాసే మాలాంటివాళ్లం యంత్రం గీసిన శిఖరాలను చూస్తూ, ఇది జబ్బా మందా అని తల పట్టుకునేది అందుకే. అమ్మోనియాకైతే రక్తం తీసే తీరే ప్రాణం. చేతికి పట్టీ బిగించి చాలాసేపు ఉంచినా, ఐస్‌లో పెట్టకపోయినా, ఆలస్యమైనా అంకె అబద్ధంగా పెరుగుతుంది. పరీక్ష అదే ఆసుపత్రి ల్యాబ్‌లో వెంటనే జరిగే చోటికే వెళ్లండి.

విషయం తేలేవరకు ఒక జాగ్రత్త. బాబు పాలు తాగనంటే, ఆగకుండా వాంతులైతే, లేపినా లేవనంత మత్తుగా ఉంటే, జ్వరం లేకుండానే ఎగశ్వాస తీసుకుంటే, అర్ధరాత్రైనా ఎమర్జెన్సీకి వెళ్లి మొదటి వాక్యంగా ఇలా చెప్పండి: మా అక్క కొడుకు ఐదో రోజున ఇలాగే పోయాడు, యూరియా సైకిల్ జబ్బు అనుమానం ఉంది, రక్తంలో అమ్మోనియా ఇప్పుడే చూడండి. పుట్టిన రోజుల బిడ్డలోనే లీటరు రక్తానికి 150 మైక్రోమోల్స్ దాటితే అనుమానించాలంటారు, మీ వాడి వయసులో అంతకంటే చాలా తక్కువే ఉండాలి. ఎక్కువుంటే ప్రొటీన్ కాసేపు ఆపి, గ్లూకోజ్ ఎక్కించి, సోడియం బెంజోయేట్ లాంటి మందులిస్తారు, అవసరమైతే డయాలసిస్ చేస్తారు. గంటల తేడాతో మెదడు దక్కుతుంది. ఆ పూట పోసిన మొదటి మూత్రాన్ని మాత్రం పారబోయనివ్వకండి, బిడ్డ తేరుకున్నాక పట్టిన పది సీసాల కంటే అదొక్కటి ఎక్కువ చెబుతుంది. మీ కుటుంబ చరిత్రను అరపేజీలో రాయించి, పిల్లల డాక్టరు సంతకంతో బాబు ఫైల్‌లో ఉంచుకుంటే, మీరు కంగారులో మాట తడబడినా కాగితం చెబుతుంది.

మీ సంగతి కూడా. ఆ మార్పు ఉన్న ఆడవాళ్లలో చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు. కొందరికి ప్రొటీన్ తిండి అంటే చిన్నప్పటి నుంచీ పడదు, తింటే తలనొప్పి, వికారం. కాన్పయిన తొలి వారాల్లో, స్టెరాయిడ్లు, వాల్ప్రోయేట్ వాడినప్పుడు అమ్మోనియా పెరిగి మతి తప్పినట్టు అయిన సందర్భాలున్నాయి. మీకు గానీ అక్కకు గానీ మీ అమ్మగారికి గానీ అలాంటిది ఎప్పుడైనా జరిగిందా గుర్తు చేసుకుని జన్యు వైద్యులకు చెప్పండి.

మీ అక్కకు ఇదంతా ఎలా చెప్పాలో అని మీరు వెనకాడొచ్చు. మానిన గాయాన్ని రేపడమే, నిజమే. కానీ ఆమె మళ్లీ బిడ్డను కనాలనుకుంటే ఇది ఆమెకే ముందు కావాలి. మార్పు ఏదో తెలిస్తే గర్భంలో ఉండగానే పరీక్షించవచ్చు. అది వద్దనుకున్నా, బిడ్డ పుట్టగానే అమ్మోనియా చూసి, జబ్బు పైకి తేలకముందే వైద్యం మొదలుపెట్టే ఏర్పాటు ఉన్న ఆసుపత్రిలో కాన్పు పెట్టుకోవచ్చు. ఆ బిడ్డ ఆసుపత్రి కాగితాలు ఆమె పారేయకుండా దాచి ఉంచితే, జన్యు వైద్యుల దగ్గరికి వెళ్లేటప్పుడు వాటిని తీసుకెళ్లండి. అందులో బ్లడ్ గ్యాస్ రిపోర్టు ఉందేమో చూడమనండి. ఇన్‌ఫెక్షన్‌తోనో, సేంద్రియ ఆమ్లాల జబ్బుతోనో ప్రాణం మీదికొచ్చిన బిడ్డ రక్తం సాధారణంగా ఆమ్లం వైపు మొగ్గుతుంది. అమ్మోనియా వల్ల ఎగశ్వాస తీసిన బిడ్డలో మొదట క్షారం వైపు మొగ్గుతుంది. నాలుగేళ్ల కిందటి ఆ చిన్న చీటీలో ఉన్న పీహెచ్ అంకెను చూస్తేనే జన్యు వైద్యులకు ఏ దారిలో వెతకాలో చాలావరకు తెలిసిపోతుంది.